తొమ్మిదో అంతస్తులో వాలిన సకారం

సొంత చిన్నాన్న ఎదురుగా నిలబడి "సారీ అంకుల్, మీరెవరో నాకు తెలీదు" తను అన్న సంగతి నవత ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. ఒకరికి చెప్పడం మాట అటుంచి, గదిలో తలుపేసుకుని ఒక్కతే కూచున్నప్పుడు కూడా ఆ ముక్క గొంతు దాకా వచ్చి వెనక్కి పోయేది. ఎనిమిది నెలలైంది.

తక్కినదంతా రోజూ ఉండేదే. సింగపూర్‌లో యూ టీ స్టేషన్‌కి ఎనిమిది నిమిషాల నడకలో ఉన్న బ్లాకులో, తొమ్మిదో అంతస్తున, బాలనాగమ్మ ఆంటీ ఫ్లాట్‌లో ఒక గది అద్దెకుంటుంది నవత. పొద్దున్నే ఆంటీ ఫ్లాస్కులో పోసిపెట్టిన కాఫీ తాగి, రెండుచోట్ల ట్రైను మారి వన్-నార్త్ వెళ్తుంది. అక్కడి కంపెనీలో ఆమె పని గొంతులు వినడం. యంత్రానికి తెలుగు నేర్పడానికని ఎక్కడెక్కడి తెలుగువాళ్ళో మాట్లాడిన ముక్కలు హెడ్‌ఫోన్స్‌లోకి వస్తాయి. విన్నది విన్నట్టు కాదు, ఉండాల్సినట్టు టైపు చెయ్యాలి. "సెప్పు" అని వినబడితే "చెప్పు" అని కొట్టాలి. "సేప" వినబడితే "చేప". అది రూలు. ఈ రూలు నవత ఒక్కసారి కూడా తప్పలేదు. ఆమె అంత శుభ్రంగా చేసేవాళ్ళు టీమ్‌లోనే లేరని పై అధికారి జనార్దన్ ప్రతి మీటింగ్‌లోనూ అంటాడు. మీటింగ్ అయిపోయాక ఎవరి భోజనానికి వాళ్ళు వెళ్ళిపోతారు. నవత కూడా వెళ్తుంది. హాకర్ సెంటర్‌లో ఇద్దరు కూచునే బల్ల మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి చోప్ చేసుకుంటుంది, ఇక్కడ చోటు పట్టుకోవడాన్ని అలాగే అంటారు. రెండో కుర్చీ అలాగే ఉండిపోతుంది.

శనివారాలు చోవా చూ కాంగ్ లైబ్రరీకి పోయి భాషల పుస్తకాలు తెచ్చుకుంటుంది. ఆమె చదివింది బీకాం. ధ్వనులు ఎలా మారతాయో ఆమెకి ఎవరూ పాఠం చెప్పలేదు. సగం అర్థమై సగం కాని పేజీలు పట్టుకుని, పెదాలు కదుపుతూ, తన నోట్లో తనే వేలు పెట్టి నాలుక ఎక్కడ తగులుతోందో చూసుకుంటూ నేర్చుకుంది. కన్నడంలో కివి, తెలుగులో చెవి. అక్కడ కెరె, ఇక్కడ చెరువు. అక్కడ కెడు, ఇక్కడ చెడు. ఇకారం, ఎకారం ముందున్న కకారం జారి చకారమైందట. జారితే ఒక్క మాటలో జారి ఊరుకోదట, అలాంటి మాటలన్నిట్లోనూ జారుతుందట.

ఇది ఆమెకి పుస్తకంలో చదివి తెలిసింది. ఆ తొమ్మిదో అంతస్తులో ఉన్నవాళ్ళకి కారిడార్‌లో చూసి తెలుసు.

ఎందుకంటే రాలిపోయిన ధ్వనులు వచ్చి వాలేది అక్కడే. బట్టలారేసే వెదురు కర్రల మీదా, తాళం వేసిన సైకిల్ హ్యాండిల్ మీదా, పక్కింటి టియో అంకుల్ పూలకుండీల అంచునా వాలతాయి. కంటికి ఆనవు గానీ వాలినచోట కర్ర కాస్త వంగుతుంది. మైనాలు పక్కకి జరిగి చోటిస్తాయి. లిఫ్టు దగ్గర పావురాలకి మేత వెయ్యరాదని టౌన్ కౌన్సిల్ వాళ్ళు బోర్డు పెట్టారు. అందులో ధ్వనుల ఊసు లేదు. అందుకని బాలనాగమ్మ ఆంటీ రోజూ సాయంత్రం ఐదింటికి ప్లాస్టిక్ స్టూలు వేసుకుని కూచుని మేత వేస్తుంది. మేత అంటే మాటలే.

"క్రొత్త," అంటుంది ఆంటీ. కర్ర మీంచి ఒక రకారం దిగి ఆ మాటలో పాత చోట ఒక్క క్షణం కూచుని మళ్ళీ ఎగిరిపోతుంది. "మ్రాను. ప్రొద్దు. క్రింద." ఎన్నో వందల ఏళ్ళనాడు తెలుగువాళ్ళ నోళ్ళలోంచి రాలిన గుంపు అది. అలుపొచ్చేదాకా వేస్తుంది మేత. ఆవిడ తాత ఎప్పుడో విజయనగరం వైపునుంచి మలయా రబ్బరుతోటలకి వచ్చినవాడు. ఆవిడ తెలుగులో తమిళం, మలయ్ కలిసిపోయి ఏది ఏదో ఆవిడకే తెలీదు.

"మాకన్ అయిందా పిల్లా?" అని అడుగుతుంది ఆంటీ నవత లిఫ్టు దిగగానే, భోజనానికి మలయ్ మాట వాడుతూ.

"అయింది ఆంటీ," అంటుంది నవత, కాకపోయినా.

టియో అంకుల్‌కి డెబ్బై నాలుగేళ్ళు. ఆయన మేత ఆయన వేస్తాడు. "కిమ్" అంటాడు కుండీల దగ్గర వంగి. వాళ్ళ హొక్కియెన్‌లో బంగారమని అర్థం. మనవరాలు స్కూల్లో మాండరిన్ నేర్చుకుని "జిన్" అంటుంది. రాలిపోయిన ఆ కకారం మూడో కుండీలో, మిరపమొక్క దగ్గర ఉంటుంది.

"మీ క కూడా ఇ ముందరే జారింది అంకుల్," అంది నవత ఒకసారి. "మా చెవిలో జారినట్టే. మీవాళ్ళూ మావాళ్ళూ ఎప్పుడూ కలుసుకోలేదు కదా."

"కలుసుకోవడమెందుకు లా?" అన్నాడు ఆయన, ఇక్కడివాళ్ళ అలవాటుగా చివర లా చేర్చి. "నాలుక నాలుకే. తడి గచ్చు మీద ఎవడు నడిచినా అక్కడే జారతాడు."

స అనే ధ్వని ఒకటి వచ్చింది నవంబర్లో, ఒక గురువారం. అంతకుముందు మూడురోజులుగా వాన. నవత ఆఫీసు నుంచి వచ్చేసరికి ఆమె గది కిటికీ చువ్వ మీద వాలి ఉంది. చువ్వ వంగలేదు. అంత తేలిక. చెవి దగ్గర పెడితే సన్నగా, వేడినూనెలో నీటిచుక్క పడ్డట్టు వినిపించింది.

నవత దాన్ని వినగానే గుర్తుపట్టింది. గుర్తుపట్టకపోతే ఆశ్చర్యం. పద్దెనిమిదేళ్ళు నోట్లో పెట్టుకు తిరిగిన ధ్వని.

పలాస దగ్గరి పల్లె ఆమెది. అమ్మా నాన్నా ఆమెకి ఊహ తెలీకముందే పోతే, నాన్న తమ్ముడు రామన్న పెంచాడు. పెళ్ళి మాట ఎవరెత్తినా "నాకీ ఆడగుంటుంది కదేటి" అనేవాడట. జడ వెయ్యడం రాక మూడుపాయల్ని తాడు పేనినట్టు పేనేవాడు. విశాఖపట్నంలో హాస్టల్లో చేర్చి, గేటు బయట నిలబడి, "బాగా సదువుకో అమ్మీ, సిన్నాన్న మాట ఇను" అన్నాడు. గేటు లోపల అమ్మాయిలు వారం రోజులు ఆ మాటే అని నవ్వుకున్నారు. సదువుకో. సిన్నాన్న. సెప్పుల్లేవా, సెప్పు. నవత అద్దం ముందు కూచుని, స కనిపించిన ప్రతిచోటా దాన్ని పీకి చ పెట్టుకుంటూ వచ్చింది. ఆర్నెల్లు పట్టింది. ఒక మాటలో మారాక తక్కినవన్నీ వాటంతటవే మారిపోయాయి. ఆ ఊరి మాట అంటూ ఆమె నోట్లో ఏదీ మిగల్లేదు.

రామన్న ఆమెకంటే ఆరేళ్ళ ముందే సింగపూర్ వచ్చాడు, వర్క్ పర్మిట్ మీద, షిప్‌యార్డులో తుప్పు గ్రైండింగ్ పనికి. నవత వచ్చిన కొత్తలో ఆదివారాలు కలుసుకునేవాళ్ళు. ఆయన గట్టిగా మాట్లాడతాడు. బస్సులో అందరూ చూస్తారు. ఆదివారాలు నెలకోసారి అయ్యాయి, తర్వాత "బిజీగా ఉన్నా చిన్నాన్నా" అయ్యాయి. మొన్న ఉగాదికి తెలుగువాళ్ళ సంబరంలో నవతని యాంకరింగ్ చెయ్యమన్నారు. నిర్వాహకురాలు అరుంధతి గారు "ఈ అమ్మాయి తెలుగు వినండి, ముత్యాలు!" అని బ్యాంకు మేనేజర్లకీ, వాళ్ళ భార్యలకీ చూపిస్తున్నారు. సరిగ్గా అప్పుడు వడ్డనకని వచ్చిన షిప్‌యార్డు మనుషుల్లోంచి, చేతిలో పులిహోర బేసిన్‌తో ఆయన.

"ఓలమ్మీ నవతా! ఇక్కడున్నావేటే! సిన్నాన్ననే!"

అప్పుడు అంది ఆ మాట. సారీ అంకుల్.

రామన్న ఒకసారి ఆమె పట్టుచీర వైపు చూశాడు, ఒకసారి అరుంధతి గారి వైపు. "తప్పయిపోనాదమ్మా," అన్నాడు. "మావోళ్ళ పాపలాగున్నావని..." తర్వాత పంక్తిలో ఆమె ఆకులో కూడా ఆయనే వడ్డించాడు, తల ఎత్తకుండా. జీడిపప్పులున్న చోటు చూసి తీసి మరీ వేశాడు.

నవత ఆ రాత్రే ఆయన నంబరు తీసేసింది. ఆయన ఫోన్ చేస్తాడని భయమేసి. ఆయన చెయ్యలేదు.

ఇప్పుడు ఈ స. శుక్రవారం పొద్దున్న బాలనాగమ్మ ఆంటీ కాఫీగ్లాసుతో వచ్చి, చువ్వ దగ్గర చెవి పెట్టి విని, "నీదే కామోసు," అంది.

"నాదే ఆంటీ. ఎప్పుడో వదిలేశాను. ఇప్పుడెందుకొచ్చిందో."

"తమిళం వాళ్ళు సిన్న అంటారు, సెవి అంటారు. ఎవడూ నవ్వడు. నువ్వంటేనే తప్పొచ్చిందా? మేత వెయ్యి."

నవత గదిలో తలుపేసుకుని మేత వేసింది. సెప్పు. సూడు. సెరువు. ఎనిమిదేళ్ళ తర్వాత ఆ మాటలు తన గొంతుతో వినడం ఎవరో పరాయిమనిషి గదిలోకి వచ్చినట్టుంది. స కదల్లేదు. ఒక్కమాట మీదా వాలలేదు.

కారిడార్‌లో టియో అంకుల్ కుండీలకి నీళ్ళు పోస్తున్నాడు. ఆమె మొహం చూసి, అడక్కుండానే, నీళ్ళడబ్బా కింద పెట్టాడు.

"నాకు తొమ్మిదేళ్ళప్పుడు మా అమ్మ స్కూలుకి గంజి తెచ్చింది," అన్నాడు. "చెప్పుల్లేవు. గట్టిగా హొక్కియెన్‌లో నా పేరు పెట్టి అరిచింది. పక్కవాడు ఎవరు అని అడిగాడు. మా పక్కింటి పనిమనిషి అన్నా."

నవత ఒక అడుగు వెనక్కి వేసింది. ఈయనకి ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. ఆయన తన సంగతే చెబుతున్నాడు.

"తర్వాత?"

"తర్వాతేముంది. ఇంటికెళ్ళి గంజి తాగా. అమ్మ ఏమీ అనలేదు. ఎప్పుడూ అనలేదు." మిరపమొక్కలో పండుటాకు ఒకటి తుంచాడు. "పోయిన తర్వాత అడుగుదామంటే ఎవర్ని అడగను లా?"

శనివారానికి స ఇంకా పలచబడింది. నవత భయపడి ఆంటీని పిలిచింది. ఆంటీ ఈసారి వేలి కొసతో దాన్ని తాకి చూసింది. వేలు బొటనవేలితో రాసి చూసుకుంది.

"ఇది నీది కాదు పిల్లా."

"నాదే. నాకు తెలీదా?"

"నోట్లోంచి పడ్డవి తడిగా ఉంటాయి. ఇది పొడి. ఇది చెవిలోంచి పడ్డది." ఆంటీ స్టూలు మీద కూలబడింది. "మా ఆయన చెవులు పోయినప్పుడు ఇలాగే వచ్చాయి. అన్నిటికంటే ముందు సకారాలు. వంటింట్లో గిన్నెల మధ్య కూచునేవి, నా చుట్టూ. చెవిలోంచి రాలింది ఊరికే రాదు. ఏ గొంతు వినాలని ఆ చెవి కాచుక్కూచుందో, ఆ గుమ్మానికే వస్తుంది."

నవత కర్టెన్ అంచు సవరించింది.

"ఎవరికో నీ మాట వినబడటం మానేస్తోంది. ఎవరూ?"

"తెలీదు ఆంటీ," అంది నవత. ఎనిమిది నెలల్లో రెండోసారి అదే మాట.

ఆదివారాలు మధ్యాహ్నం బాలనాగమ్మ ఆంటీ చేపల పులుసు పెడుతుంది. షిప్‌యార్డు మనుషులు ఇద్దరో ముగ్గురో వస్తారు. ఫ్లాట్ ఇరుకని కారిడార్‌లోనే న్యూస్‌పేపర్లు పరుచుకుని తింటారు. అలాంటి రోజుల్లో నవత గదిలోంచి రాదు. ఎవరు ఎక్కడివాళ్ళో, ఎవరికి ఎవరు తెలుసో అని. ఆ ఆదివారం చంటి ఒక్కడే వచ్చాడు. టెక్కలివాడు, ముప్పైలోపు. కిటికీ అవతలే కూచున్నాడు. పైన చువ్వ మీద స. లోపల మంచం మీద నవత.

"ఈ మాటు ఒక్కడివే వచ్చావేం?" అంది ఆంటీ వడ్డిస్తూ.

"అందరూ మాయ్య దగ్గరున్నారు ఆంటీ. పెట్టె సర్దుతన్నారు. మంగళారం ఇమానం. పంపించీస్తన్నారు."

"ఏ మామయ్య?"

"రామన్న మాయ్య. సెవులు పోనాయి. డాటరు ఓ గాజు గదిలో కూకోబెట్టి కూతలెట్టినాడట. సగం ఇనబడనేదట. ఆ పనికి ఇంక పనికిరాడని రాసిచ్చినాడు."

నవత మంచం మీంచి లేచింది. లేచి నిలబడింది అంతే.

"చెవుల్లో ప్లగ్గులు పెట్టుకోరా మీరు?" అంది ఆంటీ.

"ఎట్టుకుంటాం. రోజూ సూపరైజరు సూస్తాడు. మాయ్య సూసినంతసేపు ఎట్టుకుని, ఒక సెవిది తీసీసీవోడు. నానెప్పుడైనా పని మధ్యలో మన మాట మాటాడితే ఇనబడదేమోనని." చంటి ముద్ద నోట్లో పెట్టుకుని నవ్వాడు. నవ్వు సగంలో ఆగిపోయింది. "పాట పాడరా, పాట పాడరా అని సంపీవోడు. నా గొంతు ఇనడానికి సెవులు పోగొట్టుకున్న ఎర్రోడు ఈ బూపెపంచకంలో ఆడొక్కడే ఆంటీ."

"అయ్యో పాపం. ఇక్కడెవరూ లేరా ఆయనకి?"

"ఉందట. ఓ పాప. అన్నకూతురు. ఆడే పెంచినాడట. పెద్దాఫీసులో సేస్తాదట. ఎల్లిపోతన్నావని ఒక ఫోన్ సెయ్యి మాయ్యా అంటే వద్దంటాడు."

"ఏం? పిల్ల మంచిది కాదా?"

"ఒక్కమాట అననీడు! 'అది పెద్ద మాటలు మాటాడే ఉద్యోగంరా. మన మాట దాని నాలిక్కి అంటుకుంటే దాని పని పాడైపోద్ది' అంటాడు. మరి ఆ ఫోనేమో తలకిందెట్టుకుని పడుకుంటాడు. మోగితే ఇనబడదని. వణుకు తెలుస్తాది కదా, అందుకట."

చువ్వ మీద స ఉందో లేదో నవతకి తెలియలేదు. చెవి ఆనించింది. ఏమీ లేదు. ఇనుము, వానవాసన. వెతికింది. కిటికీ అంచు మీద లేదు, కర్టెన్ మీద లేదు. ఒక్క క్షణం, పోయింది, అయిపోయింది అనుకుంది. మంగళవారం. అక్కడ ఊళ్ళో ఎవరూ లేని ఇంట్లో ఆయన తలుపు తీసుకుని లోపలికెళ్తాడు. ఇంకో ఏడాదికి స ఒక్కటే కాదు, తక్కినవన్నీ ఒకదాని వెనక ఒకటి రాలతాయి. అప్పుడు తనేం చెప్పినా ఆయనకి పెదాలు కదలడమే కనబడుతుంది. టియో అంకుల్‌లాగా కుండీల దగ్గర నిలబడి చెప్పుకోవాలి.

గది తలుపు తీసింది. హాలు దాటింది. కారిడార్‌లోకి వచ్చేసరికి చంటి ఎవరో చదువుకున్న అమ్మాయని ఎంగిలిచేత్తోనే లేవబోయాడు.

"కూచోండి, పరవాలేదు," అందామనుకుంది నవత. నోరు తెరిచింది. నాలుక కింద ఏదో పొడిగా, తేలిగ్గా ఉంది. వేడినూనెలో నీటిచుక్కలా అంటుకుంది.

"కూసో సంటీ," అంది.

ఆంటీ గరిటె ఆగింది. చంటి అలాగే సగం లేచి ఉండిపోయాడు.

"నాను రామన్న అన్నకూతుర్ని. ఆడు నాకు సిన్నాన్న." మాటలు ఒకదాని వెనక ఒకటి వచ్చేస్తున్నాయి. ఆపుదామన్నా ఆగేలా లేవు. "ఉగాదికి నన్ను పిలిస్తే నువ్వెవరో తెలీదన్నాను. అందరి ముందరా. సెప్పుకోడానికి సిగ్గేసి ఎవరికీ సెప్పనేదు. నంబరు కూడా తీసీసినాను. ఆ నంబరు నువ్వు సెప్పు."

చంటి ఆమె వంక చూశాడు. కోపమొచ్చినట్టే ఉంది. పక్కనున్న చెంబు వంచుకుని చెయ్యి కడుక్కున్నాడు, కావలసినదానికంటే ఎక్కువసేపు.

"పులిహోర ఒడ్డించొచ్చి ఆ రాత్రి అన్నం తిననేదు మాయ్య," అన్నాడు చివరికి. "కడుపు నొప్పన్నాడు. మేం నమ్మీసినాం."

నవత తల దించుకోలేదు. దించుకుంటే లోపలికి వెళ్ళిపోతానని తెలుసు.

అతను జేబులోంచి ఫోన్ తీసి నంబరు చూపించాడు. ఆమె ఒక్కో అంకె నొక్కుకుంటూ ఉంటే పక్కనుంచి అన్నాడు: "మెల్లగా మాటాడితే ఇనబడదు. ఓ మాదిరిగా అరిసినా ఇనబడదు. గొంతు సింపుకోవాల."

"సింపుకుంటాను."

"ఇక్కడ్నించా? ఆదివారం. అందరూ ఇళ్ళల్లో ఉన్నారు." పొడుగాటి కారిడార్ వైపు చూపించాడు. తలుపులన్నీ బార్లా తెరిచి ఉన్నాయి. టియో అంకుల్ గుమ్మంలో కుర్చీ వేసుకుని ఉన్నాడు, మనవరాలు టీవీ కట్టేసి బయటికి తొంగిచూస్తోంది. "బ్లాకు బ్లాకంతా ఇనిపిస్తాది మరి."

"ఇనిపించనీ," అంది నవత.